ఈత రాని అరవై ఏళ్ళ అమ్మని అండమాన్‌లో స్నోర్కెలింగ్‌కి దింపొచ్చా, ఒడ్డునే కూర్చోబెట్టాలా?

ఒడ్డున కూర్చోబెట్టకండి. స్నోర్కెలింగ్ అంటే మాస్కూ, ఊపిరి తీసుకునే గొట్టమూ పెట్టుకుని నీళ్ళ మీద తేలుతూ అడుగున ఉన్నవి చూడ్డమే. ముందు ఈ ఒక్క మాట చెప్పేసి, ఎందుకో తరవాత చెప్తాను. మీ ప్రశ్నలో "అమ్మ మాత్రం బ్యాగులు చూసుకుంటూ ఒడ్డునే ఉంటానంటోంది" అని రాశారే, నేను అక్కడే ఆగిపోయాను. రెండేళ్ళ కిందట మా అత్తయ్య అచ్చం ఇదే మాట అంది. మేమూ సరేనన్నాం. ఇంకా బాధేంటంటే, ఆవిడ ఆ మాట అనకముందే, ఇక్కడ చెన్నైలో టికెట్లు బుక్ చేసేటప్పుడే నీళ్ళలోకి దిగేవాళ్ళం నలుగురం అని లెక్క వేసేసుకున్నాం. ఇంట్లో ఉన్నది ఐదుగురం.

మేం మడిపాక్కంలో ఉంటాం. అత్తయ్యది నెల్లూరు దగ్గర పల్లె, మామయ్య పోయాక మా దగ్గరకి వచ్చేసింది. అప్పటికి ఆవిడకి 63 ఏళ్ళు, బీపీ మాత్ర వేసుకుంటుంది, ఈత రాదు. ఆవిడకి తెలిసిన సముద్రమంటే చిన్నప్పటి మైపాడు, ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు వెళ్ళే బీసెంట్ నగర్. ఈ రెండు చోట్లా అల నేరుగా ఒడ్డుకొచ్చి విరుగుతుంది, తిరిగిపోతూ కాళ్ళ కింద ఇసుక లాక్కుపోతుంది. మెరీనాలో కాస్త లోపలికి దిగితే పోలీసులు విజిల్ వేసి వెనక్కి పిలుస్తారు, పిలవాలి కూడా, అక్కడ కాలేజీ పిల్లలు మునిగిపోయిన వార్త చదవని ఏడాది లేదు. అందుకే చెన్నైలో ఉన్నవాళ్ళకి సముద్రమంటే మనిషిని లాగేసేదే. అండమాన్‌లో స్నోర్కెలింగ్ చేయించే చోట్లు అలా ఉండవు. పగడపు దిబ్బలు పెద్ద అలని బయటే విరిచేస్తాయి, గాలి లేని రోజు లోపల నీళ్ళు చెరువులా నిలకడగా ఉంటాయి. ఈ తేడా మీ అమ్మగారికి ఎవరూ చెప్పి ఉండరు, ముందు అది చెప్పండి.

ఈత రావాలా అంటే, అక్కర్లేదు. నన్నడిగితే ఈత వచ్చినవాళ్ళకే ఇది కష్టం. వాళ్ళు అలవాటు కొద్దీ తల పక్కకి తిప్పి గాలి పీల్చబోతారు, చేతులు గట్టిగా కొడతారు, తొందరగా అలిసిపోతారు. ఈత రానివాళ్ళు చెప్పినట్టు వింటారు. లైఫ్ జాకెట్ ఉంటుంది, ఉప్పునీళ్ళలో మనిషి ఇంకాస్త తేలిగ్గా తేలతాడు, బోర్లా పడుకుని కిందకి చూడ్డమే పని. నేర్చుకోవాల్సింది ఒక్కటే, నోటితో ఊపిరి తియ్యడం. మాస్క్ ముక్కుని కూడా మూసేస్తుంది కదా, అరవై ఏళ్ళు ముక్కుతో పీల్చిన మనిషికి ఆ క్షణంలో ఊపిరాడట్లేదని టెన్షన్ వచ్చేస్తుంది, తల పైకీ కిందకీ ఆడిస్తారు, గొట్టంలోకి నీళ్ళు వెళ్తాయి, రెండు గుక్కలు ఉప్పునీళ్ళు మింగి ఇంక నా వల్ల కాదంటారు. ప్యాకేజీలో ఇచ్చేదే పది పదిహేను నిమిషాలు, ఆ పది నిమిషాలూ దీనికే అయిపోతాయి. కాబట్టి ఇంట్లోనే నేర్పించి తీసుకెళ్ళండి.

మేం పిల్లల కోసం పెరియమేట్ స్పోర్ట్స్ షాపుల్లో మాస్కులూ గొట్టాలూ కొన్నాం. బాత్రూంలో పెద్ద టబ్బు నింపి, మొహం ముంచి ఊపిరి తీయిస్తూ ఉండేదాన్ని. మూడోరోజు నేను వంటింట్లో ఉండగా బాత్రూంలోంచి బుడబుడ చప్పుడు వచ్చింది. పిల్లలు స్కూల్లో ఉన్నారు. వెళ్ళి చూస్తే అత్తయ్య పీట మీద కూర్చుని, చీర కొంగు నడుముకి దోపుకుని, మాస్క్ పెట్టుకుని టబ్బులో మొహం పెట్టి ఉంది. నేను పిలవలేదు. గుమ్మంలో నిలబడి లెక్కపెట్టాను, పాతిక దాకా వచ్చింది. తల ఎత్తి నన్ను చూసి, "ఊరికే చూశానమ్మాయ్, పిల్లలు ఎట్టా చేస్తున్నారో అని" అంది.

ఆ రాత్రి చెప్పింది. వాళ్ళ ఊళ్ళో దిగుడుబావి ఉండేదట. అన్నకీ తమ్ముడికీ ఎండు సొరకాయ బుర్ర నడుముకి కట్టి వాళ్ళ నాన్న ఈత నేర్పాడట, ఒక్క వేసవిలో ఇద్దరూ నేర్చేసుకున్నారట. ఈవిడ మెట్ల మీద కూర్చుని వాళ్ళ చొక్కాలు ఒళ్ళో పెట్టుకుని ఉండేదట, గాలికి బావిలో పడిపోకుండా. నేనూ దిగుతానంటే, ఆడపిల్లకి ఈతెందుకే, ఆ బట్టలు చూడు అన్నారట. కోపంగా చెప్పలేదు. మామూలుగానే చెప్పి పడుకుంది. నాకే నిద్ర పట్టలేదు, ఎందుకంటే మేం చేసింది కూడా అదే, చొక్కాల బదులు బ్యాగులు. నేను కూడా ఈత నేర్చుకున్నది పెళ్ళయి పిల్లలు పుట్టాక, 34 ఏళ్ళకి, ఇక్కడే వేళచ్చేరిలో 1995 శాఫ్ (దక్షిణాసియా దేశాల) క్రీడల కోసం కట్టిన కొలనులో. మన ఇళ్ళలో ఆడవాళ్ళని అడగండి, పదిమందిలో తొమ్మిదిమందికి ఈత రాదు, రాకపోవడం వాళ్ళ తప్పు కాదు.

మర్నాడే ఆవిణ్ణి డాక్టర్ దగ్గరకి తీసుకెళ్ళాను. ఇది మాత్రం మీరు తప్పకుండా చెయ్యండి. గొట్టంతో ఊపిరి తియ్యడం గుండెకీ ఊపిరితిత్తులకీ కాస్త శ్రమే, ఆస్తమా గానీ గుండె జబ్బు గానీ ఉంటే నేనైనా వద్దనే చెప్తాను. మా అత్తయ్యకి బీపీ అదుపులో ఉంది కాబట్టి వెళ్ళమన్నారు.

బట్టల సంగతి కూడా చెప్పాలి, ఎవరూ చెప్పరు. చీరతో దిగకూడదు, నైటీతో అసలు దిగకూడదు, గుడ్డ నీళ్ళలో తేలి కాళ్ళకి చుట్టుకుంటుంది. లెగ్గింగ్సూ, ఒంటికి పట్టి ఉండే ఫుల్ హ్యాండ్స్ టీషర్టూ చాలు. వీపు ఎండకి మాడకుండా కూడా ఇదే మంచిది, సన్‌స్క్రీన్ బోలెడు పూసుకుని నీళ్ళలోకి దిగితే పగడాలకి హాని, హవాయిలో అయితే ఆక్సీబెంజోన్ అనే రసాయనం ఉన్న సన్‌స్క్రీన్ క్రీముల అమ్మకం 2021 నుంచి ఆపేశారు. ఆ రోజు తలకి కొబ్బరినూనె పెట్టుకోవద్దని చెప్పండి, మాస్క్ పట్టీ జారిపోతుంది. ముంగురులు మాస్క్ అంచు కింద ఇరుక్కున్నా, మగవాళ్ళ మీసం మరీ ఒత్తుగా ఉన్నా నీళ్ళు కారుతూనే ఉంటాయి.

ఇంక ప్రయాణం. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి, అంటే ఇప్పటి శ్రీ విజయపురానికి, రెండు గంటల పైచిలుకు ఫ్లైట్. అక్కణ్ణుంచి హేవ్‌లాక్ దీవికి ఫెర్రీ, వాంతులు అయ్యేది అందులోనే. బోటు ఎక్కడానికి గంట ముందే డాక్టర్ని అడిగి మాత్ర వేయించండి, మధ్యలో సీటు తీసుకోండి, ఫోను చూడనివ్వకండి, దూరంగా నీళ్ళూ ఆకాశమూ కలిసే గీతనే చూడమనండి. మర్నాడు పొద్దున్నే హేవ్‌లాక్ జెట్టీ నుంచి ఎలిఫెంట్ బీచ్‌కి చిన్న బోటు. అక్కడ ఐదింటికే తెల్లారుతుంది, సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి పడిపోతుంది, కాబట్టి చెన్నై టైములో బద్ధకంగా లేస్తే రోజు పోయినట్టే.

బోటులో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది. మా చిన్నోడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. వాడికి పెద్దవాళ్ళ లైఫ్ జాకెట్ ఇచ్చారు. సైజు కాదన్నాను. ఏం కాదు మేడం, గట్టిగా కట్టాం కదా అన్నారు. నడుంలోతు నీళ్ళలో వాడు మోకాళ్ళు మడిచాడో లేదో జాకెట్ పైకి లేచిపోయి మొహాన్ని కప్పేసింది, వాడు లోపల, జాకెట్ పైన. మా ఆయన పక్కనే ఉన్నాడు కాబట్టి ఒక్క లాగు లాగి నిలబెట్టాడు. ఆ తరవాత అదే బోటులో బెంచీ కిందనుంచి పిల్లల జాకెట్ తీసి ఇచ్చారు. అంటే అంతసేపూ అక్కడే ఉంది. మీరు మాత్రం జాకెట్ వేశాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి, గడ్డం దాటి చెవుల దాకా వస్తే అది వద్దు, మార్చేదాకా బోటు ఎక్కకండి. కాళ్ళ మధ్య నుంచి వేసే పట్టీ ఉన్న జాకెట్ అడగండి. పోట్లాడుతున్నారని అనుకుంటే అనుకోనివ్వండి.

అది చూశాక అత్తయ్య వెనక్కి తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. మాకు దొరికిన గైడ్ శ్రీకాకుళం కుర్రాడు. అండమాన్‌లో మనవాళ్ళు చాలామంది ఉన్నారు, ఎక్కువగా ఆ వైపు నుంచి వెళ్ళి తరాలుగా స్థిరపడ్డవాళ్ళే. "అమ్మా, నా చెయ్యి మీరు వదిలినా మీ చెయ్యి నేను వదలను" అన్నాడు. తెలుగులో ఆ మాట వినపడేసరికి ఆవిడ భుజాలు దిగాయి. కుడిచేత్తో రబ్బరు ట్యూబు పట్టుకుంది, ఎడమచేత్తో నా మణికట్టు. మొహం నీళ్ళలో పెట్టింది. ఆవిడ పట్టుకున్న పట్టుకి నా గాజు చర్మంలోకి దిగిపోయింది. గొట్టంలోంచి ఊపిరి గబగబా వస్తోంది, కుక్కర్ విజిల్ ముందు ఆవిరి వచ్చినట్టు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. తరవాత ఊపిరి మధ్య ఖాళీ పెరిగింది. నా చేతి మీద పట్టు మెల్లగా సడలింది. చూస్తే చూపుడువేలు చాపి ఉంది.

ఆకుపచ్చా నీలం కలిసిన చేప ఒకటి పగడాన్ని కొరుకుతోంది. చిలకముక్కులాంటి నోరు. కొరికి కాస్త ముందుకి వెళ్ళి వెనకనుంచి తెల్లటి పొడి వదిలింది. అత్తయ్య తల పైకెత్తి గొట్టం ఊడబీక్కుని, "బొరుగులు నమిలినట్టు చప్పుడు వినపడతా ఉందమ్మాయ్!" అని అరిచింది. నిజంగానే వినపడుతుంది, అది పళ్ళతో పగడం గీరే చప్పుడు, ఆ తెల్లపొడి ఇసుకే, అలాంటి దీవుల్లో మనం నడిచే ఇసుకలో కొంత ఆ చేపలు విడిచిందే అని గైడ్ చెప్పాడు. ఇంకోటి, "చెయ్యి చాపితే అందేటట్టు ఉంది, అందలా" అంది. మాస్క్‌లో గాలి ఉండడం వల్ల నీళ్ళలోవి మూడోవంతు పెద్దగా, పావువంతు దగ్గరగా కనిపిస్తాయి. అందకపోవడమే మంచిది, ముట్టుకోకూడదు. పది నిమిషాల ప్యాకేజీ అయిపోయింది. ఇంకో అరగంటకి డబ్బులు కట్టాం.

ఆ అరగంటలో నన్ను ఏడిపించినవి కూడా చూశాను. ఒకాయన పగడం మీద రెండు కాళ్ళూ మోపి నిలబడి ఫొటో తీయించుకుంటున్నాడు. అది బండ కాదండీ, వేలకొద్దీ చిన్న ప్రాణులు కట్టుకున్న ఇల్లు. గుండ్రాయిలా ఉండే పగడం ఏడాదికి సెంటీమీటరు అటూ ఇటూ పెరుగుతుంది, ఆయన కాలి కింద విరిగింది ఆయన మనవళ్ళు పెద్దవాళ్ళయినా పూడదు. చేపలు గుమిగూడాలని బిస్కెట్లు చల్లేవాళ్ళు ఇంకొందరు. పగడాలు వన్యప్రాణి చట్టం కింద 2001 నుంచి పులితో సమానంగా రక్షణ ఉన్నవి, విరిగిన ముక్క సంచిలో వేసుకొచ్చినా నేరమే, పిల్లలకి ముందే చెప్పండి. అక్కడక్కడా ఎముకల్లా తెల్లగా ఉన్న పగడాలు కనిపిస్తాయి. ఇవేంటని అత్తయ్య అడిగింది. నీళ్ళు మామూలు వేసవి కంటే ఒక్క డిగ్రీ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడానికి రంగూ తిండీ ఇచ్చే నాచు బయటికి పోతుంది, మిగిలేది ఆ తెలుపే. 2010లో అండమాన్‌లో పెద్ద ఎత్తున ఇలా జరిగింది, 2024 ఏప్రిల్‌లో ప్రపంచమంతా మళ్ళీ అదే జరుగుతోందని శాస్త్రవేత్తలు ప్రకటించారు. అమ్మ వచ్చే ఏడు దిగుతుందిలే అని వాయిదా వెయ్యకండి అనడానికి ఇది కూడా ఒక కారణం.

ఇంత చెప్పినా మీ అమ్మగారు నీళ్ళలోకి దిగనంటే బలవంతం చెయ్యొద్దు. పోర్ట్ బ్లెయిర్ దగ్గరి వండూరు నుంచి జాలీ బాయ్ దీవికి వెళ్ళండి, సీజన్‌లో తెరిచి ఉంటుంది, అద్దం అడుగున్న బోటులోంచి కూర్చునే చూడొచ్చు, ప్లాస్టిక్ సీసాలు లోపలికి రానివ్వరు కాబట్టి శుభ్రంగా ఉంటుంది. ఎక్కడికి వెళ్ళినా నవంబరు నుంచి ఏప్రిల్ లోపు వెళ్ళండి, మొసలి హెచ్చరిక బోర్డు ఉన్నచోట మాత్రం ఎవరు చెప్పినా దిగకండి.

మరి బ్యాగులెవరు చూస్తారంటారా? వంతులు వేసుకోండి, పిల్లల మీద కన్నేసి ఉంచడానికి ఎలాగూ ఒడ్డున ఒక పెద్దమనిషి ఉండాలి. అత్తయ్యా నేనూ నీళ్ళలో ఉన్న ఆ నలభై నిమిషాలూ, సునామీకి పడిపోయిన ఒక పెద్ద చెట్టు మొద్దు మీద మా ఆయన కూర్చున్నాడు. ఆవిడ చీరా కళ్ళజోడూ మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.