అమ్మతో క్రొయేషియా: ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి?

ప్రశ్న: సెప్టెంబరులో నేను, మావారు, మా అమ్మ ఎనిమిది రోజులు క్రొయేషియా వెళ్దామనుకుంటున్నాం. యూరప్ ప్రయాణం ముగ్గురికీ ఇదే మొదటిసారి. జాగ్రెబ్, ప్లిట్విట్సే సరస్సులు, స్ప్లిట్, హ్వార్, డుబ్రోవ్నిక్, పక్కనే బోస్నియాలోని మోస్టార్ అన్నీ రాసుకున్నాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఏ వరుసలో తిరగాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: వరుస సంగతి తర్వాత. ముందు జాగ్రెబ్, ప్లిట్విట్సే, మోస్టార్ మూడూ కొట్టేయండి. ప్లిట్విట్సేలో పదహారు సరస్సులు మెట్లుమెట్లుగా దిగుతూ చాలా అందంగా ఉంటాయి, కాదనను. కానీ పడవలు, బండ్లు ఉన్నా చెక్కదారుల మీద నడక, మెట్లు తప్పవు. స్ప్లిట్ నుంచి వెళ్లిరావడానికే రోజంతా పోతుంది. ఆ రోజు అమ్మగారికి సముద్రం దగ్గర ఇవ్వండి.

విమానం స్ప్లిట్‌లో దిగేలా, తిరుగు ప్రయాణం డుబ్రోవ్నిక్ నుంచి ఉండేలా టికెట్లు చూడండి. స్ప్లిట్‌లో ఐదు రాత్రులు ఉండండి. నాకు ఆ ఊరంటే చాలా ఇష్టం. రోమన్ చక్రవర్తి డయోక్లెషియన్ 305లో పదవి వదిలి వచ్చి ఉన్న కోట అది. ఆ గోడల మధ్య ఇప్పటికీ జనం కాపురాలున్నారు, కిటికీల్లో బట్టలు ఆరేసి ఉంటాయి. కోట ముందే రీవా, సముద్రం పక్కన పామ్ చెట్ల నడకదారి. అక్కడ బెంచీ మీద కూర్చుని వచ్చే పోయే ఫెర్రీలు చూస్తుంటే సాయంత్రం ఇట్టే గడిచిపోతుంది. బస్టాండు, రైల్వే స్టేషను, ఫెర్రీల రేవు మూడూ ఒకచోటే ఉన్నాయి కాబట్టి సామాన్లు మోసుకుంటూ తిరిగే టెన్షన్ ఉండదు.

క్రొయేషియా తీరంలో ఎక్కువ చోట్ల గులకరాళ్లే. నీళ్లలోకి దిగేటప్పుడు వేసుకునే రబ్బరు చెప్పులు ముగ్గురూ తీసుకెళ్లండి, నీటి అడుగున రాళ్ల మీద ఉండే ముళ్ల జీవులు (సీ అర్చిన్లు) గుచ్చుకుంటాయన్న భయం కూడా తప్పుతుంది. స్ప్లిట్‌లోని బాచ్విత్సే మాత్రం ఇసుక తీరం, చాలా దూరం వరకు లోతు ఉండదు. అమ్మగారు మోకాళ్ల లోతు నీళ్లలో హాయిగా నిలబడొచ్చు. వేసవంతా కాగిన నీరు సెప్టెంబరులోనూ వెచ్చగా ఉంటుంది.

ద్వీపం చూడాలంటే హ్వార్ కన్నా బ్రాచ్ ద్వీపంలోని సుపెతార్ ఊరు మీకు సులువు. కార్లెక్కే పెద్ద ఫెర్రీలో గంటలోపే చేరతారు, డెక్ మీద కూర్చోవచ్చు కూడా.

డుబ్రోవ్నిక్‌కు రెండు రాత్రులు చాలు. పాత నగరం లోపల గది తీసుకోకండి, ప్రతి సందూ మెట్లే. లాపాద్ ప్రాంతంలో ఉండి బస్సులో పాత నగరం పీలే ద్వారం దాకా రండి. దాదాపు రెండు కిలోమీటర్ల కోటగోడ మీరిద్దరూ పొద్దున్నే ఎక్కి రండి. స్ర్డ్ కొండ మీదికి కేబుల్ కారుంది, అది అమ్మగారికి.

స్ప్లిట్ నుంచి అక్కడికి రైలు లేదు. సముద్రం మీద కాటమరాన్ (వేగంగా వెళ్లే ప్రయాణికుల పడవ) ఉంది, లేదంటే బస్సు. బస్సయితే ఏ దారిన వెళ్తుందో టికెట్ కొనేముందే అడగండి. మధ్యలో నేఊమ్ దగ్గర బోస్నియా తీరం అడ్డొస్తుంది. 2022లో పెల్యెషాట్స్ వంతెన తెరిచాక దాన్ని తప్పించుకునే దారి దొరికింది. ఇది అడగడం ఎందుకంటే, క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో చేరింది, బోస్నియా అందులో లేదు. సింగిల్ ఎంట్రీ వీసాతో ఒకసారి బయటికి వెళ్తే తిరిగి రానివ్వరు. మోస్టార్ కొట్టేయమన్నది కూడా అందుకే.

వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. పాలసీ తీసుకునేటప్పుడు అమ్మగారి వయసు, పాత జబ్బులు దాచకుండా రాయండి.