టేకుకీ ప్లైవుడ్‌కీ ఒకే రంపం బ్లేడు సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: ఇంటి పని కోసం 7 అంగుళాల సర్క్యులర్ సా (గుండ్రటి బ్లేడు తిరిగే కరెంటు రంపం) కొన్నారు. దాంతో పాటు వచ్చిన 24 పళ్ళ బ్లేడుతో ప్లైవుడ్ కోస్తే అంచు పొడుగునా పెచ్చులు లేచాయి. అందుకని 60 పళ్ళ బ్లేడు ఒకటి కొని, టేకు గుమ్మాలకీ, వార్డ్‌రోబ్ ప్లైవుడ్‌కీ అన్నిటికీ అదే వాడేద్దామా అని అడుగుతున్నారు.

వద్దండి. ఆ 24 పళ్ళదాన్ని పారేయకండి. 60 పళ్ళది కూడా కొని, రెండూ దగ్గర పెట్టుకోండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మీరు చేయబోతున్న పనే పదేళ్ళ క్రితం నేను చేశాను.

రాజమండ్రి దగ్గర మా పెదనాన్నగారి మండువా ఇల్లు పడగొట్టినప్పుడు టేకు దూలాలు రెండు మా వాటాకి వచ్చాయి. వాటిని నిలువునా చీల్చి తలుపు చెక్కలు తీద్దామని కూర్చున్నాను. ఎక్కువ పళ్ళుంటే మంచి బ్లేడు అన్న నమ్మకంతో 60 పళ్ళది బిగించాను. మొదటి అడుగు బాగానే తెగింది. తర్వాత మోటారు గొంతు మారింది, కమురు వాసన మొదలైంది. ఇంకో రెండడుగులే కదా అని నెట్టాను. అంతే, చీలిన సందు వెనకనుంచి మూసుకుని బ్లేడుని పట్టేసింది, మిషన్ ఒక్కసారిగా వెనక్కి తన్నింది. కోత గీతకి కాస్త పక్కగా నిలబడ్డాను కాబట్టి బతికిపోయాను.

ప్లగ్గు పీకి చూశాను. తెగిన ముఖం నల్లగా, తాటాకు మసి రాసినట్టు నిగనిగలాడుతోంది. బ్లేడులో పంటికీ పంటికీ మధ్య ఉన్న గుంటలన్నీ గోధుమరంగు పొడితో బిగుసుకుపోయి ఉన్నాయి. గోటితో గీకితే రాలేదు, మేకు పెట్టి తవ్వాల్సి వచ్చింది.

ఆ గుంటల్లోనే ఉంది అసలు సంగతి. చెక్కని నార వెంబడి చీల్చినప్పుడు పొట్టు పొడవాటి పీచుల్లా, చాలా ఎక్కువగా వస్తుంది. అది బయటికి వెళ్ళేదాకా పంటి ముందున్న గుంటలోనే ఉండాలి. 24 పళ్ళ బ్లేడులో గుంట పెద్దది, పొట్టుని మోసుకెళ్ళి విసిరేస్తుంది. 60 పళ్ళదానిలో చోటు లేదు. పొట్టు ఇరుక్కుని రాసుకుంటుంది, వేడెక్కుతుంది, వేడికి బ్లేడు రేకు వంకర తిరుగుతుంది, అప్పుడు ఇంకా రాసుకుంటుంది. అంచు మాడిందంటే బ్లేడు మొద్దుబారి అయినా ఉండాలి, పళ్ళు ఎక్కువై అయినా ఉండాలి, మీరు మరీ నెమ్మదిగా నెడుతూ అయినా ఉండాలి, లేదా పళ్ళకి చెక్క జిగురు పట్టి అయినా ఉండాలి.

ప్లైవుడ్ సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. దాని పై పొర కాగితం కంటే కాస్త మందం, అంతే. 24 పళ్ళదానిలో ఒక్కో పన్ను పెద్ద ముక్క కొరుకుతుంది, ఆ పొర దాన్ని తట్టుకోలేక చిట్లిపోతుంది. 60 పళ్ళయితే చిన్న చిన్న ముక్కలుగా కొరుకుతాయి. పొట్టు కూడా సన్నపు పొడే కాబట్టి గుంట చిన్నదైనా ఇబ్బంది లేదు. చెక్క పీచునీ పొట్టునీ నొక్కి చేసే ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు, చెక్కని అడ్డంగా కోయడం, అన్నిటికీ ఇదే బ్లేడు. ఎండీఎఫ్ కోసేటప్పుడు మాస్కు మాత్రం తప్పకుండా పెట్టుకోండి, ఆ దుమ్ము గొంతులోకి పోతే మంచిది కాదు.

మార్కెట్లో 40 పళ్ళవీ దొరుకుతాయి. ఒక్క బ్లేడుకే డబ్బులున్నాయంటే అది తీసుకోమంటాను. రెండు పనులూ చేస్తుంది, కానీ ఏదీ నున్నగా చేయదు.

సన్‌మైకా అతికించిన ప్లైవుడ్ మీ పనిలో ఎక్కువుంటే పళ్ళ సంఖ్యతో పాటు పళ్ళ ఆకారం కూడా చూడండి. మామూలు చెక్క బ్లేడులో ఒక పన్ను ఎడమకి, తర్వాతది కుడికి ఏటవాలుగా ఉంటాయి. ఆ మొనలు నారని కత్తిలా కోస్తాయి గానీ సన్‌మైకా మీద త్వరగా అరిగిపోతాయి. ట్రిపుల్ చిప్ అనే రకంలో ఒక పన్నుకి రెండు మూలలూ చెక్కేసి ఉంటాయి, తర్వాతది చదునుగా ఉంటుంది. మొదటిది గాడి తీస్తే రెండోది దాన్ని శుభ్రం చేస్తుంది. సన్‌మైకా అంచు చిట్లకుండా వస్తుంది.

చేత్తో పట్టుకునే సర్క్యులర్ సాలో పళ్ళు కిందనుంచి పైకి కోస్తాయి. కాబట్టి పెచ్చులు పై ముఖం మీద లేస్తాయి. మంచి ముఖం కిందికి పెట్టి కోయండి. బల్ల కిందనుంచి బ్లేడు పైకి పొడుచుకొచ్చే టేబుల్ సా అయితే మంచి ముఖం పైకి ఉండాలి. గీత మీద మాస్కింగ్ టేపు అంటించి కోస్తే ఇంకా శుభ్రంగా వస్తుంది. ఇంత చిన్న మార్పుతోనే మీ గొడవ సగం తీరిపోవచ్చు, ఈరోజే ఒక ముక్క మీద చేసి చూడండి.

ఇక టేకు. అందులో ఇసుకలో ఉండే సిలికాయే ఉంటుంది, అందుకే బ్లేడుని అంత త్వరగా మొద్దు చేస్తుంది. మామూలు ఉక్కు పళ్ళ బ్లేడు దానిముందు ఆగదు. కార్బైడ్ ముక్కలు అతికించిన టీసీటీ బ్లేడే కొనండి. పాత ఇంటి కలప అయితే మేకులు చూసుకోండి. నా రెండో దూలంలో పైకి ఏమీ కనబడలేదు, లోపల విరిగిన మేకు ముక్క తగిలి మూడు పళ్ళు లేచిపోయాయి. అప్పట్నుంచి పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతాన్ని చెక్క పొడుగునా ఆడించకుండా బ్లేడు తిప్పను. నిలువునా చీల్చేటప్పుడు ఒక అడుగు తెగగానే మిషన్ ఆపి, సందులో పలచటి చెక్క ముక్క దోపండి. సందు మూసుకోదు, బ్లేడుని పట్టదు.

బ్లేడు కొనడానికి వెళ్ళేముందు మధ్య బెజ్జం కొలత మీ మిషన్ మీదో, పాత బ్లేడు మీదో చూసుకోండి. మోడల్‌ని బట్టి 20, 25.4, 30 మిల్లీమీటర్లలో ఏదైనా ఉండొచ్చు. బ్లేడు మీద రాసిన గరిష్ఠ ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) మీ మిషన్ ఆర్‌పీఎం కంటే ఎక్కువుండాలి. 7 అంగుళాల మిషన్లు సుమారు 5,000 తిరుగుతాయి. మన వడ్రంగులు వాడే 4 అంగుళాల మార్బుల్ కట్టర్ 12,000 పైన తిరుగుతుంది. దాని బ్లేడు కొనేటప్పుడు ఈ అంకె చూడకుండా కొనకండి. చెక్క బ్లేడుని ఇనుము కోసే యాంగిల్ గ్రైండర్‌కి మాత్రం ఎప్పుడూ బిగించకండి. బ్లేడు మీద ఉండే గార్డు తీసేసి అలా కోసేవాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. ఆ పళ్ళు చెక్కలో పట్టేస్తే గ్రైండర్ చేతిలో ఆగదు.

ఆఖరుగా, బ్లేడు మాడుస్తోందనగానే కొత్తది కొనేయకండి. చాలాసార్లు అది అరిగి ఉండదు, పళ్ళ పక్కన చెక్క జిగురు గట్టిపడి ఉంటుంది. బ్లేడు విప్పి, పళ్ళెంలో గోరువెచ్చని నీళ్ళు, బట్టల పొడి వేసి పావుగంట నాననివ్వండి. పాత టూత్‌బ్రష్‌తో పంటి పంటికీ రుద్ది, వెంటనే తుడిచి, పలచగా నూనె రాయండి. అప్పటికీ మాడుస్తుంటే టీసీటీ బ్లేడ్లకి సాన పట్టే దుకాణంలో ఇవ్వండి. నన్ను భయపెట్టిన ఆ 60 పళ్ళ బ్లేడుకి రెండుసార్లు సాన పట్టించాను, ఇప్పటికీ మా ఇంట్లో ప్లైవుడ్ దానితోనే కోస్తున్నాను.