ఆ తండ్రి ఎటు చూస్తున్నాడు?

హనుమకొండ

తమ్ముడూ,

నీ కథలో మిర్చి అమ్మడానికొచ్చిన తండ్రి గురించి ‘అతని కళ్లు శూన్యంలోకి చూశాయి’ అన్న వాక్యం దగ్గర నాకు కోపమొచ్చింది. వరంగల్ ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తా మూతి విప్పి నిలబడ్డ రైతుకు శూన్యంలోకి చూసే తీరిక ఎక్కడిది? ఖరీదుదారు చెయ్యి మంచి కాయ మీదికి పోతోందా, రంగు పోయిన తాలుకాయ కోసం అడుగు కెలుకుతోందా అని చూస్తాడు. మధ్యమధ్య సరుకు అమ్మిపెట్టే అడ్తిదారు మొహం చూస్తాడు, అప్పు అక్కడుంది కాబట్టి. ఖరీదుదారేం తక్కువవాడా! సరుకు నచ్చితే దాని మీద చూపు నిలపడు. పక్క రాశిని చూస్తూ మాట్లాడతాడు, వేళ్లు మాత్రం ఈ కాయనే నలుపుతుంటాయి. అది కనిపెట్టిన రైతు రేటు దగ్గర ఇంకాస్త గట్టిగా నిలబడతాడు.

కళ్లలో ఏ భావం ఉందో రాయకు, అవి ఎటు పోయాయో రాయి. నల్లగుడ్డు చుట్టూ అంత తెలుపు ఉండబట్టే మనిషి చూపు ఎటు తిరిగిందో దూరం నుంచే తెలుస్తుంది. ఏడాది పిల్ల కూడా తల్లి చూసిన వైపు తల తిప్పుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త మిల్‌గ్రామ్, ఆయన తోటివాళ్లు న్యూయార్క్ వీధిలో చేసి 1969లో అచ్చువేసిన ప్రయోగం ఒకటుంది. ఒక్క మనిషి నిలబడి పై అంతస్తు కిటికీని చూస్తుంటే దారినపోయేవాళ్లలో 42 శాతం తలెత్తారు, 15 మంది చూస్తుంటే 86 శాతం. పాఠకుడూ పాత్ర చూసిన వైపే చూస్తాడు. ‘ఆవేదన’ అని నువ్వు విడమరచి చెప్పక్కర్లేదు.

నా పాత కథలో ఒక తల్లి దుబాయి పోయే కొడుకును కాజీపేట స్టేషన్లో రైలెక్కిస్తూ సిగ్నల్ లైటు వైపే చూస్తుంటుంది. నన్నడక్కుండా ఒక సంపాదకుడు ‘ఆమె గుండె చెరువైంది’ అని చేర్చి అచ్చేశాడు. ఏళ్లు గడిచినా ఆ మంట తగ్గలేదు. ఇప్పుడేమో నాలుగు యాస మాటలు చల్లితే చాలు, మట్టివాసన అని మెచ్చుకుంటున్నారు. ఆ మాటలు నీ కథలోనూ కుప్పలుగా ఉన్నాయి.

చిన్నపిల్ల ఐసు బండిని వదిలేసి, తండ్రి చూస్తున్న కాంటా వైపే చూసిందని రాశావు. అక్కడ నా గొంతు పట్టేసింది. తర్వాతి పేజీలో ఆ పిల్లను ఎందుకు మరిచిపోయావు? జెండా పాట, అంటే ఆ రోజు మార్కెట్లో మొదట పలికిన పై రేటు, దానికన్నా తక్కువ చెప్పిన ఘట్టమంతా ఆమె చూపుతో మళ్లీ రాయి. రేటు చెవిన పడ్డప్పుడు తండ్రి ఎవరి వైపు తిరిగాడో ఆమె చూసే ఉంటుంది. ఆ పేజీలు ముందు పంపు, పుస్తకం సంగతి తర్వాత చూద్దాం.