వైశాఖీ (పంజాబీల పంట పండుగ) మీఠే చావల్, అంటే తీపి అన్నం, గట్టిపడుతోందా?
చక్కెర ముందే పడింది. మీ తీపి అన్నం పలుకుగా మిగిలింది అందుకే, నీళ్లు తక్కువై కాదు. సగం ఉడికిన మెతుకుకు చక్కెర తగిలితే ఇక మెత్తబడదు. మన చక్కెర పొంగలిలో బెల్లం చివర్లో వేసేదీ ఇందుకే.

1. కప్పు బాస్మతి అరగంట నానబెట్టి, కుంకుమపువ్వు వేసిన నీళ్లలో ఉడికించి వార్చండి.
2. వార్చేముందు ఒక మెతుకు వేళ్ల మధ్య నొక్కండి. లోపల తెల్లటి పలుకు కనిపిస్తే ఇంకా ఆగాలి. అందరూ తొందరపడేది ఇక్కడే.
3. నేతిలో లవంగాలు, యాలకులు, కిస్‌మిస్ వేయించి, అన్నం, ముప్పావు కప్పు చక్కెర వేయండి. మూతపెట్టి సన్న సెగ మీద 10 నిమిషాలు.

చక్కెర కరిగి నీరూరితే టెన్షన్ పడొద్దు, అన్నమే పీల్చుకుంటుంది. గరిటె మాత్రం తిప్పకండి, మెతుకులు విరుగుతాయి.