కేదార్‌కంఠ వెళ్లే అల్లుడికి

హైదరాబాద్

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని మంచు కొండ కేదార్‌కంఠ ఎక్కబోతున్నావని అక్క చెప్పింది. అక్కడ చిరుతలు, ఎలుగుబంట్లు తిరుగుతాయని ఆమెకు దిగులు. నాకైతే నీ చెమట గురించే ఎక్కువ భయం. రాత్రిళ్లు మైనస్ 10 దాకా దిగే చోట తడి బనియనుతో గాలిలో ఆగావంటే ఒంట్లో వేడి నిమిషాల్లో పోతుంది.

కాటన్ బనియన్లు, జీన్సు ఇంట్లోనే వదిలెయ్. నూలు తడిస్తే ఓ పట్టాన ఆరదు. ఒంటికి ఆనుకుని ఉన్ని లేదా పాలిస్టర్ థర్మల్, దాని మీద ఫ్లీస్ (మెత్తటి వెచ్చటి చొక్కా), పైన గాలీ నీరూ ఆపే జాకెట్ వేసుకో. నడక మొదలుపెట్టేటప్పుడు కాస్త చలేస్తుంటేనే సరిగ్గా వేసుకున్నట్టు. చెమట పట్టకముందే ఒకటి విప్పెయ్, ఆగగానే మళ్లీ తొడుక్కో. సాక్సులు రెండేసి జతలు వేసి బూట్లు తొడుక్కోకు. బిగుతైతే రక్తం ఆడక వేళ్లు మొద్దుబారతాయి. పడుకునేందుకు ఒక జత ప్లాస్టిక్ కవర్లో చుట్టి విడిగా దాచు, ఏమైనా సరే పగలు దాన్ని ముట్టుకోకు.

టెంట్లో చలి నేలలోంచే వస్తుంది. స్లీపింగ్ బ్యాగ్ అడుగు భాగం ఒంటి బరువుకి నలిగిపోతుంది కాబట్టి కింద ఫోమ్ మ్యాట్ తప్పదు. గట్టి మూత ఉన్న సీసాలో వేడినీళ్లు పోసి, సాక్సు తొడిగి కాళ్ల దగ్గర పెట్టుకో. లోపల స్టవ్ గానీ కుంపటి గానీ వెలిగించొద్దు. వాటి నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

తోటివాళ్లకి ఒంట్లో వేడి పడిపోతోందేమో కనిపెట్టి ఉండు. మాట తడబడినా, జిప్పు పెట్టుకోలేకపోయినా, ఊరికే వెనకబడుతున్నా, "బాగానే ఉన్నా" అంటే నమ్మకు. వణుకు ఆగి మగతగా ఉంటే తగ్గిందనుకోకు, ముదిరిందని అర్థం. గాలి తగలని చోట మ్యాట్ మీద పడుకోబెట్టి, తడిబట్టలు తీసి పొడివి వేసి, తల కప్పి, గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసాలు చంకల్లో, ఛాతీ మీద పెట్టండి. మింగగలిగితేనే చక్కెర కలిపిన వేడినీళ్లు పట్టండి. చేతులూ కాళ్లూ రుద్దకండి. రమ్ము అసలు వద్దు. వేడెక్కినట్టు అనిపిస్తుందే గానీ లోపలి వేడి చర్మం మీదికొచ్చి పోతుంది. మగతలో ఉన్నవాణ్ణి నడిపించొద్దు, మోసుకుని దించండి.

ఇక జంతువులు. ఎలుగు ఎక్కువగా హడలిపోయే మీద పడుతుంది. అందుకే మలుపుల దగ్గర మాట్లాడుకుంటూ నడవండి. ఎదురైతే పరుగెత్తకు, చెట్టెక్కకు, అది నీకంటే బాగా ఎక్కుతుంది. దానికేసే చూస్తూ మెల్లగా వెనక్కి జరుగు. మీద పడిందంటే బోర్లా పడుకుని, వీపున బ్యాగు అలాగే ఉంచి, మెడ వెనక వేళ్లు ముడివేసి, మోచేతులతో ముఖం కాచుకో. చిరుత దగ్గర వంగొద్దు, కూర్చోవద్దు. చేతులెత్తి కేకలెయ్, మీదికొస్తే కర్రతో, రాయితో తిరగబడు. రాత్రి బయటికెళ్తే టార్చీ, ఒక తోడూ ఉండాలి. తిండి సామాను టెంట్లో పెట్టుకోకండి.

కరిచినా గీరినా ముందు రక్తం ఆగేలా గట్టిగా నొక్కండి. ఆగాక సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, దిగగానే రేబిస్ టీకా వేయించుకోండి. టెటనస్ మాత్రం ఇక్కడే వేయించుకుని వెళ్లు.

బూట్లు కొన్నావా? కొత్తవైతే ఈ ఆదివారం నుంచే తొడుక్కుని, నిండు బ్యాగుతో గోల్కొండ మెట్లు ఎక్కి దిగు. ఎక్కడ ఒరుసుకుంటాయో ఇక్కడే తెలిసిపోవాలి.

నీ మామయ్య