రెండో కాగితాన్ని ఆపేదెవరు? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో అయిదు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. నకళ్లు తీసే యంత్రాలలోకి కాగితం ఒక్కొక్కటిగా ఎలా వెళ్తుంది, ఒక్కోసారి ఎందుకు వెళ్లదు అన్నదే ఆ విషయం. అందుచేత ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయించాం.

ప్రశ్న: మాది చిన్న జిరాక్సు దుకాణం. ఎండాకాలమంతా సక్రమంగా నడిచిన యంత్రం, వానలు మొదలయ్యాక రెండేసి మూడేసి కాగితాలను ఒకేసారి లాగేస్తోంది. మెకానిక్ వచ్చి, ట్రే నుంచి కాగితాన్ని లాగే పికప్ రోలరు మార్చారు. నాలుగు రోజులు బాగానే ఉండి మళ్లీ మొదటికొచ్చింది. లోపం రోలరుదా, కాగితానిదా?
– దుకాణం యజమానురాలు, కాకినాడ

జవాబు: రెండింటిలోనూ కొంత ఉండవచ్చు గాని, మీరు రాసిన లక్షణాలను బట్టి ముందుగా అనుమానించవలసింది మీరు పేరెత్తని మూడో వస్తువును. రోలరుకు ఎదురుగా, కాగితం కింద ఉండే రబ్బరు లేదా కార్కు ముక్క అది. దానిని సెపరేషన్ ప్యాడు అంటారు. కాగితాన్ని లోపలికి లాగడం యంత్రానికి పెద్ద పని కాదు. రెండో కాగితాన్ని రాకుండా ఆపడమే అసలు పని, ఆ పని చేసేది ఈ ప్యాడే.

ఎందుకో ఒక లెక్కతో చూద్దాం. 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే) ఏ4 కాగితం ఒక్కటి సరిగ్గా 5 గ్రాములు తూగుతుంది, ఎందుకంటే పదహారు ఏ4 కాగితాలు కలిస్తే ఒక చదరపు మీటరు అవుతుంది. కాగితానికీ కాగితానికీ మధ్య ఘర్షణ గుణకం 0.5 అనీ, రోలరు దొంతరను 200 గ్రాముల బరువుతో అదుముతోందనీ ఉదాహరణకు అనుకుందాం. మంచి రబ్బరు రోలరుకు పట్టు ఎక్కువ కాబట్టి అది పై కాగితాన్ని సుమారు 240 గ్రాముల బలంతో ముందుకు లాగగలదు. ఆ కాగితాన్ని కింది నుంచి పట్టి ఉంచేది 102.5 గ్రాములే గనుక అది సులువుగా కదులుతుంది. ఇక రెండో కాగితం సంగతి చూడండి. పై కాగితం తన అడుగు భాగంతో దానిని అదే 102.5 గ్రాముల బలంతో తన వెంట రమ్మని లాగుతుంది. మూడో కాగితం దానిని 105 గ్రాముల బలంతో ఆగమంటుంది. అంటే రెండో కాగితం తన చోట నిలబడి ఉండడానికి ఆధారం కేవలం రెండున్నర గ్రాములు, అంటే ఒక కాగితం బరువులో సగం. కాస్త తేమ తగిలినా, రెండు కాగితాల అంచులు కొద్దిగా అతుక్కున్నా ఆ రెండున్నర గ్రాముల ఆధారం ఎటు పోతుందో చెప్పలేం. కాబట్టి రెండో కాగితం కదలడం అనుకోని ప్రమాదం కాదనీ, అది ఎప్పుడూ కదలడానికి సిద్ధంగానే ఉంటుందనీ తలచి యంత్రాన్ని రూపొందిస్తారు.

ఆ బయలుదేరిన రెండో కాగితాన్ని దారిలో అడ్డుకునేదే ప్యాడు. దానిని తయారుచేసేవారు పాటించే నియమం ఒకటే: రోలరుకు కాగితం మీద ఉన్న పట్టు అన్నిటికన్నా ఎక్కువ ఉండాలి, ప్యాడుకు ఉన్న పట్టు దానికన్నా తక్కువ ఉండాలి, కాగితానికి కాగితం మీద ఉన్న పట్టు అందరిలోకీ తక్కువ ఉండాలి. ఈ వరుస తప్పనంత కాలం ఒక్క కాగితం వస్తే ప్యాడు మీదుగా జారి పోతుంది, రెండు వస్తే కిందిది ప్యాడును పట్టుకుని ఆగిపోతుంది. మీ యంత్రంలో కొత్త రోలరు వేయడం వల్ల మొదటి అంకె పెరిగింది, వానాకాలపు తేమ వల్ల మూడో అంకె పెరిగింది, అరిగి నున్నబడిన పాత ప్యాడు వల్ల మధ్య అంకె మాత్రం పడిపోయింది. మెకానిక్ వచ్చిన నాడు రోలరుతో పాటు ప్యాడును కూడా తుడిచి ఉంటారు. ఆ నాలుగు రోజుల సుఖానికి కారణం అదే అయి ఉంటుందని నా ఊహ.

కాస్త పెద్ద యంత్రాలలో ప్యాడుకు బదులు ఇంకొక రోలరు ఉంటుంది. దాని పనితీరు తెలుసుకున్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. కింద ఉన్న ఈ రోలరును యంత్రం నిజానికి వెనక్కి తిప్పుతూ ఉంటుంది. అయితే నేరుగా కాదు, ఒక టార్క్ లిమిటరు ద్వారా తిప్పుతుంది. అంటే ఒక హద్దు దాటి ఎదురు బలం వచ్చినప్పుడు ఆ రోలరు పట్టు విడిచి తలవంచేస్తుంది. రెండు రోలర్ల మధ్య ఒక్క కాగితమే ఉన్నప్పుడు పై రోలరు బలం ఆ కాగితం గుండా కిందికి చేరి, హద్దు దాటి, కింది రోలరును కూడా ముందుకే తిప్పుతుంది. రెండు కాగితాలు వచ్చాయనుకోండి, వాటి మధ్య జారుడు ఉంది కాబట్టి పై రోలరు బలం కిందికి పూర్తిగా అందదు, హద్దు దాటదు. అప్పుడు కింది రోలరు తన సహజమైన వెనక దిశలో తిరిగి రెండో కాగితాన్ని దొంతరలోకి నెట్టేస్తుంది. ఎన్ని కాగితాలు వచ్చాయో ఎవరూ లెక్కపెట్టనక్కరలేదు, ఏ కంప్యూటరూ అక్కరలేదు, కాగితాల మధ్య ఘర్షణే లెక్క చెబుతుంది.

తేమ విషయానికి వస్తే, కాగితం గాలిలోని నీటి ఆవిరిని పీల్చుకునే వస్తువు. నకళ్లకు వాడే కాగితాన్ని మిల్లులో సుమారు 5 శాతం తేమతో కట్టి, తేమ చొరని పొర ఉన్న కాగితంలో చుట్టి పంపుతారు. సముద్రపు గాలి వీచే మీ ఊళ్లో వానాకాలంలో రీము విప్పి బల్ల మీద పెడితే ముందుగా అంచులు తేమ పీల్చుకుని అలలు అలలుగా లేస్తాయి, కాగితం బిగువు తగ్గి మెత్తబడుతుంది, ఒకదానికొకటి గట్టిగా అంటుకుంటుంది. రాత్రి దుకాణం మూసేటప్పుడు ట్రేలో మిగిలిన కాగితాన్ని తీసి, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. సగం వాడిన రీమును దాని చుట్టు కాగితంలోనే మడిచి ఉంచండి. ప్యాడును మార్పించండి. అది రోలరు కన్నా చవక, అయినా మార్చాలని గుర్తుండేది తక్కువమందికి.

ప్రశ్న: 1970ల నాటికి మా కార్యాలయంలో చేత్తో తిప్పే సైక్లోస్టయిల్ యంత్రం ఉండేది. పిడి తిప్పుతుంటే కాగితాలు ఒక్కొక్కటే లోపలికి వెళ్లేవి. కరెంటు కూడా లేని యంత్రానికి ఆ తెలివి ఎక్కడిది?
– విశ్రాంత ఉద్యోగి, అనంతపురం

జవాబు: తొలి యంత్రాలకు ఆ తెలివి లేదు. ఎడిసన్ 1876లో పేటెంటు పొందిన పద్ధతిలో గాని, హంగరీలో పుట్టి లండన్‌లో స్థిరపడిన డేవిడ్ గెస్టెట్‌నర్ 1880లలో తెచ్చిన సైక్లోస్టయిల్‌లో గాని, 1887లో ఏ.బి.డిక్ కంపెనీ అమ్మకానికి పెట్టిన మిమియోగ్రాఫ్‌లో గాని స్టెన్సిలును, అంటే రాత చోట సిరా దిగేలా రంధ్రాలు పడిన కాగితాన్ని, ఒక చట్రంలో బిగించి, కింద కాగితం పెట్టి, పైన సిరా రోలరు దొర్లించి, చట్రం లేపి కాగితం తీసేవారు. సైక్లోస్టయిల్ అన్న పేరే స్టెన్సిలు మీద రాయడానికి వాడిన చిన్న చక్రపు కలం నుంచి వచ్చింది. కాగితం అందించేది మనిషి చెయ్యే, రెండో కాగితాన్ని ఆపేది కూడా మనిషి వేళ్లే.

చట్రం పోయి గుండ్రంగా తిరిగే సిలిండరు వచ్చాక అచ్చు వేయడం వేగవంతమైంది గాని, కాగితం అందించడం ఆ వేగానికి తట్టుకోలేకపోయింది. అప్పటి నుంచి యంత్రమే కాగితాన్ని అందుకోవలసి వచ్చింది. మీరు తిప్పిన పిడి సిలిండరును మాత్రమే తిప్పేది కాదు. పళ్ల చక్రాల ద్వారా, కామ్‌ల (గుండ్రంగా లేని చక్రాల) ద్వారా కాగితం తోసే రబ్బరు చక్రాలను కూడా సమయానికి కదిలించి, సమయానికి ఆపేది. మీరు నెమ్మదిగా తిప్పినా వేగంగా తిప్పినా స్టెన్సిలు మొదటి పంక్తి, కాగితం పై అంచు ఒకచోట కలిసేవంటే కారణం ఆ రెండూ ఒకే పిడికి కట్టుబడి ఉండడమే.

ఒక్కొక్క కాగితాన్నే విడదీయడానికి కొన్ని యంత్రాలలో ప్యాడులు ఉండేవి, కొన్నింటిలో దొంతర ముందు మూలలను పట్టి ఉంచే చిన్న రేకు ముక్కలు ఉండేవి. తర్వాతి కాలపు జిరాక్సు ట్రేలలో కూడా ఆ త్రికోణపు రేకులు చాలాకాలం కనిపించాయి. రోలరు కాగితాన్ని ముందుకు తోస్తుంది, మూలలు రేకు కింద ఇరుక్కుని ఉంటాయి, ముందుకు పోలేని కాగితం మధ్యలో విల్లులా పైకి వంగుతుంది, ఆ వంపు పెరిగి పెరిగి మూలలు ఒక్కసారిగా రేకు కింద నుంచి జారి పైకి వస్తాయి. రెండో కాగితానికి అంత తోపు అందదు కాబట్టి దాని మూలలు రేకు కిందే ఉండిపోతాయి. ఇక్కడ పని చేసేది ఘర్షణ ఒక్కటే కాదు, కాగితపు బిగువు కూడా. అందుకే ఆ ట్రేలలో దళసరి అట్ట వేస్తే అసలు వంగేది కాదు, పల్చటి కాగితం వేస్తే మూలలు మడతపడి నలిగేవి.

మీరు వాడిన గరుకు కాగితం సిరా పీల్చుకోవడానికి పనికొచ్చేది గాని, దాని నూగు రాలి రబ్బరు చక్రాల మీద పేరుకునేది. వారానికోసారి తుడవకపోతే చక్రాలు జారుతూ తిరిగే ఆ చప్పుడు మీకింకా గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు మనం సామాన్యనామంగా వాడే జిరాక్సు అన్న మాటను లోకానికి అలవాటు చేసినది 1959లో బయటకు వచ్చిన 914 నమూనా. 9 అంగుళాలకు 14 అంగుళాల కాగితం వరకు తీసుకుంటుంది కాబట్టి దానికి ఆ పేరు. ప్రత్యేకమైన పూత లేని మామూలు కాగితాన్ని మీటనొక్కగానే అందుకునే యంత్రం కార్యాలయాలలోకి వచ్చాక, దొంతర నుంచి కాగితాన్ని విడదీయడం అందరి సమస్య అయింది.

ప్రశ్న: పెద్ద ఆఫ్‌సెట్ ముద్రణాలయాలలో కాగితాన్ని గాలితో పీల్చి ఎత్తుతారు కదా. అది అంత మంచి పద్ధతి అయితే జిరాక్సు యంత్రాలలో ఎందుకు పెట్టరు?
– ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: వేగంగా ముద్రించే కొన్ని పెద్ద డిజిటల్ యంత్రాలలో పెడుతున్నారు. చిన్నవాటిలో పెట్టకపోవడానికి పంపు ఖర్చు, దాని చప్పుడు, అది ఆక్రమించే చోటు చాలు కారణాలు.

పీల్చే పద్ధతిలో గొప్పతనం ఏమిటంటే, పై కాగితాన్ని పైనుంచి అదమరు. అదమకపోతే పై కాగితం రెండోదానిని లాగే బలం దాదాపు పుట్టదు, కాబట్టి పైన నేను వేసిన రెండున్నర గ్రాముల లెక్కే ఇక్కడ వర్తించదు. ముందుగా దొంతర అంచు మీదికి గాలి ఊదుతారు. పై నాలుగైదు కాగితాలు వదులై తేలతాయి. ఆపైన రబ్బరు సక్కర్లు పై కాగితాన్ని పట్టి ఎత్తుతాయి. విండ్‌మిల్ అని మన ముద్రాపకులు పిలిచే హైడెల్‌బర్గ్ ప్లాటెన్ యంత్రంలో సక్కర్లు ఎత్తిన కాగితాన్ని గాలిమర రెక్కల్లాంటి చేతులు అందుకుంటాయి. పూత ఉన్న నున్నటి కాగితాన్ని, రెండో రంగు కోసం మళ్లీ వచ్చిన పచ్చి అచ్చును రబ్బరు చక్రాలతో రుద్దితే మరకలు పడతాయి, ఇక్కడ ఆ భయం లేదు.

దీనికీ ఒక బలహీనత ఉంది. పల్చటి, రంధ్రాలెక్కువ ఉన్న కాగితంలో పీల్పు పై కాగితం గుండా దూరి రెండోదానిని కూడా పట్టేస్తుంది. అందుకే దారిలో జంట కాగితాన్ని కనిపెట్టే పరికరం పెడతారు. పాతవాటిలో అది మందాన్ని తాకి చూసేది. ఇప్పటి వేగవంతమైన స్కానర్లలో అతిధ్వని తరంగాలను కాగితం గుండా పంపి చూస్తారు. ఒక్క కాగితం గుండా ధ్వని కొంత దాటుతుంది. రెండు కాగితాల మధ్య ఎంత సన్నటి గాలి పొర ఉన్నా ఆ ధ్వని చాలా తగ్గిపోతుంది. మందం కొలిచే పద్ధతికి దళసరి కాగితం ఒకటి ఏదో, పల్చటివి రెండు ఏవో తేడా తెలియదు. ధ్వనికి తెలుస్తుంది. కవరు పెడితే మాత్రం అదీ మోసపోతుంది, ఎందుకంటే కవరు నిజంగానే రెండు పొరలు.

ఈ సందర్భంగా కాలితో తొక్కి నడిపే పాత ట్రెడిల్ ప్రెస్సు మీద కాగితం అందించిన కార్మికులను తలచుకోవాలి. దొంతరను విసనకర్రలా విప్పి, వేలి కొసతో పై కాగితాన్ని కాస్త లేపి, గాలి చొరబడగానే లాగేవారు. గాలి ఊదే గొట్టాలూ సక్కర్లూ కలిసి చేసే పని అంతా ఆ రెండు వేళ్లలో ఉండేది.

ప్రశ్న: రీము విప్పగానే కాగితాలను విదిలించి ట్రేలో పెట్టమంటారు. ఇది నిజంగా అవసరమా, లేక అలవాటుగా వచ్చిన ఆచారమా? కొందరు టాల్కం పౌడరు కూడా చల్లుతున్నారు.
– ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం

జవాబు: విదిలించడం అవసరమే. మిల్లులో పెద్ద కత్తి వందల కాగితాలను ఒకేసారి కోసినప్పుడు అంచులు ఒకదానికొకటి నొక్కుకుని అతుక్కుంటాయి. విదిలిస్తే ఆ అతుకు విడిపోతుంది. పొడి వాతావరణంలో స్థిర విద్యుత్తు వల్ల అంటుకున్నవి కూడా కొంత విడతాయి. రీము చుట్టు మీద బాణం గుర్తు ఉంటే, ఆ బాణం చూపే వైపునే ముందు ముద్రించండి, రెండు వైపుల వంపు ఒకేలా ఉండదు. ఒకవైపు ముద్రించిన కాగితం సుమారు 180 డిగ్రీల సెల్సియస్ వేడి దాటి వచ్చి, తేమ పోగొట్టుకుని, వంకర తిరిగి ఉంటుంది. దానిని రెండో వైపు కోసం వెంటనే పెట్టకుండా చల్లారనిచ్చి, సరిచేసి పెట్టండి.

పౌడరు మాత్రం వద్దు. అది కాగితాల మధ్య జారుడుతో పాటు రోలరు మీద కూడా జారుడు పెంచుతుంది, పైగా లోపల నకలు బొమ్మ ఏర్పడే డ్రమ్ము మీదికి చేరుతుంది. రోలరును శుభ్రం చేయడానికి కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డ చాలు. పెట్రోలు, థిన్నరు తగిలితే రబ్బరు చెడిపోతుంది.

ప్రశ్న: యంత్రం పేపర్ జామ్ అని చూపిస్తోంది, తెరిచి చూస్తే లోపల కాగితమే ఇరుక్కుని లేదు. ఇదేమి వింత?
– పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: యంత్రానికి లోపల ఏం జరుగుతోందో కనిపించదు. దారి పొడవునా అక్కడక్కడ ఉన్న సెన్సర్ల దగ్గరికి కాగితం ముందు అంచు ఇంత సమయంలో చేరాలి, వెనక అంచు ఇంత సమయంలో దాటాలి అని మాత్రమే దానికి తెలుసు. ఆ గడువు దాటితే కారణం ఏదైనా అది జామ్ అనే అంటుంది. అరిగిన పికప్ రోలరు కాగితం మీద రెండు సార్లు జారి మూడోసారి పట్టుకుంటే, కాగితం ఆలస్యంగా బయలుదేరుతుంది. అది నలగలేదు, ఇరుక్కోలేదు, ఆలస్యమైందంతే. మీరు తలుపు తెరిచేసరికి అది ఇంకా ట్రే అంచునే ఉంటుంది. అందుకే లోపల ఏమీ కనిపించదు.

ట్రే బయటకు లాగి చూడండి. పై కాగితం ముందుకు వేలెడు జరిగి ఆగి ఉంటే దోషం రోలరుది. కాగితం అసలు కదలకుండా ఉంటే ట్రే స్ప్రింగు దొంతరను రోలరు దాకా ఎత్తుతోందో లేదో చూడాలి. రెండూ సరిగా ఉండి కూడా అదే మాట చూపిస్తుంటే, ఎప్పుడో చిరిగిన కాగితపు ముక్క ఒకటి సెన్సరు మీట కింద చిక్కుకుని ఉందేమో టార్చిలైటు వేసి వెతకండి. గోరంత ముక్క చాలు, అక్కడ కాగితం ఎప్పుడూ ఉన్నట్టే యంత్రానికి తోస్తుంది.