టెక్ సందేహాలు: అమెరికా కాలేజీ ఇంటర్వ్యూ జూమ్‌లో అయితే...

అమెరికా యూనివర్సిటీల్లో డిగ్రీకి నవంబరు 1 గడువులోపు అప్లై చేసిన ఇంటర్ విద్యార్థులకు పూర్వ విద్యార్థుల ఇంటర్వ్యూ మెయిళ్లు వచ్చే రోజులివి. ఆ కాలేజీలో చదివి వెళ్లినవాళ్లు జీతం లేకుండా, తీరిక చేసుకుని చేసే ఇంటర్వ్యూ ఇది. అరగంట నుంచి గంట మాట్లాడి, ఏమనిపించిందో అడ్మిషన్ ఆఫీసుకు రాసి పంపుతారు. ఈ వారం సందేహాలన్నీ దీని మీదే.

ప్రశ్న: ఇంటర్వ్యూకి రమ్మంటూ ఒకరు మెయిల్ పెట్టారు. అది స్పామ్‌లో పడింది, పైగా యూనివర్సిటీ ఐడీ కాదు, మామూలు జీమెయిల్. నమ్మొచ్చా? – గుంటూరు

జీమెయిల్ నుంచి రావడం ఒక్కటే అనుమానించాల్సిన విషయం కాదు. వీళ్లు ఉద్యోగులు కారు కాబట్టి చాలామంది సొంత ఐడీతోనే రాస్తారు. స్పామ్‌లో పడటానికి కారణం కూడా అదే: మీకు ఎప్పుడూ రాయని మనిషి, లోపల ఒక మీటింగ్ లింకు. హార్వర్డ్, ఎంఐటీ లాంటి చోట్ల మీరు ఇంటర్వ్యూ అడగక్కర్లేదు, వాళ్లే సంప్రదిస్తారు. కాబట్టి తెలియని పేరుతో మెయిల్ రావడం మామూలే.

సరిచూసుకోవాలంటే ఆ మెయిల్లోని లింకులు నొక్కకుండా, అప్లై చేశాక కాలేజీ ఇచ్చిన పోర్టల్‌లోకి విడిగా లాగిన్ అవ్వండి. ఇంటర్వ్యూ సమాచారం అక్కడ ఉందేమో చూడండి. లేకపోతే అడ్మిషన్ ఆఫీసుకు రెండు వాక్యాల మెయిల్ పెట్టండి. ఫీజు, పాస్‌పోర్టు కాపీ, బ్యాంకు వివరాలు, ఓటీపీ వీటిలో ఏది అడిగినా మోసమే. ఈ ఇంటర్వ్యూకు రూపాయి కూడా కట్టక్కర్లేదు.

జీమెయిల్ స్పామ్‌ను 30 రోజులకు తుడిచేస్తుంది. అందుకని రోజూ ఒకసారి అందులోకి తొంగిచూడండి. మెయిల్ కనబడితే 'నాట్ స్పామ్' నొక్కి, ఆ చిరునామాను కాంటాక్టుల్లో చేర్చి, ఒక రోజులోపు జవాబివ్వండి. వాట్సాప్‌లో 'సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్' ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి. కొందరు ముందు ఫోనే చేస్తారు.

ఇంకో చిక్కు కూడా తరచూ కనిపిస్తుంది. కామన్ యాప్ (చాలా అమెరికా కాలేజీలకు ఒకేచోట అప్లై చేసే వెబ్‌సైట్) అకౌంటు కన్సల్టెన్సీ వాళ్లు తెరిచిన ఐడీ మీద ఉంటే ఇంటర్వ్యూ మెయిల్ వాళ్లకు పోతుంది, మీకు రాదు. అప్లికేషన్ పంపేశాక కామన్ యాప్‌లో ఐడీ మార్చినా ఆ మార్పు కాలేజీకి దానంతట అది చేరదు. ఒక్కో కాలేజీకి విడిగా తెలపాలి.

ప్రశ్న: 'శనివారం ఉదయం 10, ఈస్టర్న్' అని రాశారు. మనకు ఎన్ని గంటలు? – కరీంనగర్

ఈస్టర్న్ అంటే న్యూయార్క్ ఉన్న తూర్పు తీరం టైము. మనకు ఎన్ని గంటలన్నది తేదీని బట్టి ఉంటుంది. అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుపుతారు, మార్చి రెండో ఆదివారం మళ్లీ ముందుకు. అక్టోబరులో ఉదయం 10 అంటే మనకు రాత్రి 7:30. నవంబరు మార్పు తర్వాత అదే 10 రాత్రి 8:30 అవుతుంది. పశ్చిమ తీరంవాళ్లతో అయితే రోజే మారిపోతుంది: చలికాలంలో అక్కడ శుక్రవారం సాయంత్రం 7 అంటే మనకు శనివారం ఉదయం 8:30.

లెక్క మనసులో వేసుకోవద్దు. గూగుల్ క్యాలెండర్‌లో ఈవెంట్ పెట్టి, 'టైమ్ జోన్' నొక్కి న్యూయార్క్ ఎంచుకోండి, తేడా అదే సర్దుతుంది. జవాబులో 'మీ ఉదయం 10, మా రాత్రి 8:30' అని రెండూ రాస్తే ఎవరు పొరబడినా అప్పుడే బయటపడుతుంది. మాట్లాడేవారు హైదరాబాద్‌లోనే ఉండి మన టైమే రాయడమూ జరుగుతుంది.

ప్రశ్న: బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో పాటలు బ్రహ్మాండంగా వినిపిస్తాయి. జూమ్‌లోకి వెళ్లగానే గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. కొత్తవి కొనాలా? – విజయవాడ

కొనొద్దు. పాటలు వినేటప్పుడు ఇయర్‌బడ్స్ ఒకవైపే, అంటే లాప్‌టాప్ నుంచి చెవికి, ఎక్కువ నాణ్యతతో ధ్వని తీసుకుంటాయి. ఈ పద్ధతి పేరు ఏ2డీపీ. మైక్ తెరుచుకున్న క్షణం రెండువైపులా పంపాలి కాబట్టి హెచ్ఎఫ్‌పీ అనే పాత ఫోన్‌కాల్ పద్ధతికి మారతాయి. అందులో ధ్వని మోనో (రెండు చెవుల్లోనూ ఒకటే), శాంపిల్ రేటు, అంటే ధ్వనిని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తారన్నది, 8 లేదా 16 కిలోహెర్ట్జ్ మాత్రమే. ఎంత ఖరీదైనవైనా చాలా లాప్‌టాప్‌లతో ఇదే తంతు.

పరిష్కారం జూమ్ సెట్టింగ్స్‌లో 'ఆడియో' దగ్గరుంది. స్పీకర్‌గా ఇయర్‌బడ్స్ ఉంచి, మైక్రోఫోన్ దగ్గర లాప్‌టాప్ సొంత మైక్ ఎంచుకోండి. ఇంకా మేలైనది వైరున్న మామూలు ఇయర్‌ఫోన్. ఛార్జింగ్ గొడవ లేదు, మధ్యలో ఫోన్ మోగితే అటు కనెక్ట్ అయిపోయే బెడద లేదు. అయితే డెస్క్‌టాప్‌కి మైకుకొకటి, స్పీకరుకొకటి రెండు జాక్‌లుంటే ఫోన్ ఇయర్‌ఫోన్ మైక్ పనిచేయదు. రెండుగా చీల్చే చిన్న స్ప్లిటర్ కావాలి.

'టెస్ట్ మైక్' నొక్కితే మీ గొంతు రికార్డయి తిరిగి వినిపిస్తుంది. చుట్టుపక్కల చప్పుళ్లను తగ్గించే నాయిస్ సప్రెషన్‌ను 'హై'లో పెడితే పక్కింటి మిక్సీతో పాటు మీ మాటల చివరలనూ మింగేస్తుంది. 'ఆటో' చాలు. అది ఏం చేసినా తీయలేనిది గది ప్రతిధ్వని. గ్రానైట్ నేల, బోసి గోడలు ఉన్న హాలు కంటే పరుపు, కర్టెన్లు ఉన్న పడకగది ఎంతో నయం. ఫ్యాన్ గాలి నేరుగా మైకు మీద కొట్టకుండా కూర్చోండి.

కెమెరా గురించి ఇంత తాపత్రయం అక్కర్లేదు. ముఖం కాస్త మసకగా ఉన్నా ఎవరూ పట్టించుకోరు. మాట అర్థంకాక మూడోసారి అడగాల్సి వస్తే మాత్రం విసుగొస్తుంది. కెమెరా కంటి ఎత్తుకు వచ్చేలా లాప్‌టాప్ కింద నాలుగు పుస్తకాలు పెట్టి, కిటికీని వెనక కాకుండా ముందు ఉంచుకుంటే సరి. రాత్రి ఇంటర్వ్యూ అయితే ట్యూబ్‌లైటుకు ఎదురుగా కూర్చోండి.

ప్రశ్న: ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. అయినా కరెంటు పోగానే వైఫై రెండు నిమిషాలు ఆగిపోతుంది. ఎందుకు? – ఒంగోలు

ఇన్వర్టర్ బ్యాటరీకి మారే ఆ క్షణాన్ని ఫ్యాను తట్టుకుంటుంది, రూటర్ తట్టుకోలేదు. ఆరిపోయి, మళ్లీ మొదటినుంచి బూట్ అవుతుంది. ఇన్వర్టర్ వెనక 'యూపీఎస్ మోడ్' స్విచ్ ఉంటే అందులో పెట్టండి. లేదా రూటర్‌కు మినీ యూపీఎస్ (రూటర్‌కు తగిలించే చిన్న బ్యాటరీ డబ్బా) తీసుకోండి. కొనేముందు రూటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని రాసి ఉందో చూడండి. సాధారణంగా 12 వోల్టులే, ఆంపియర్లు మాత్రం మోడల్‌ని బట్టి మారతాయి. ఫైబర్ డబ్బా, వైఫై రూటర్ వేరువేరుగా ఉంటే రెండింటికీ బ్యాకప్ కావాలి.

తోడుగా ఫోన్ డేటా సిద్ధంగా ఉంచుకోండి. వైఫై హాట్‌స్పాట్ కంటే కేబుల్‌తో యూఎస్‌బీ టెథరింగ్ నిలకడగా ఉంటుంది, ఫోన్ ఛార్జింగూ తగ్గదు. 720పీ వీడియోతో జూమ్ గంటకు సుమారు 1 జీబీ లాగుతుంది. రోజుకు 1.5 జీబీ ప్లాన్‌లో పొద్దున రీల్స్‌కే సగం పోతే ఇంటర్వ్యూ మధ్యలో స్పీడు పడిపోతుంది.

ప్రశ్న: పక్కన ఏఐ యాప్ పెట్టుకుని జవాబులు చూసి చెబితే తెలుస్తుందా? నేను పక్కన కూర్చోవచ్చా? – మా అబ్బాయి తరఫున, వరంగల్

తెలుస్తుందండీ. ప్రశ్న పూర్తయ్యాక ప్రతిసారీ ఒకే విరామం, కళ్లు ఎడమ నుంచి కుడికి పరుగెత్తడం ఎదుటివారికి కొట్టొచ్చినట్టు కనబడతాయి. సాధారణంగా మీ అబ్బాయి అప్లికేషన్ వాళ్ల చేతిలో ఉండదు. మార్కులు చూసి పరీక్ష పెట్టరు, అబ్బాయి ఏం చదువుతాడు, ఏం చేస్తుంటాడు అని వింటారు. తను చేసిన ప్రాజెక్టులో ఏ భాగం ఎందుకు చెడిందో చెప్పగలిగితే చాలు, అది ఏ యాప్‌కూ తెలియదు. మీరు మాత్రం పక్క గదిలోనే ఉండండి.

క్యాలెండర్‌కు తగిలించిన ఏఐ నోట్‌టేకర్ (మీటింగ్‌లో మాటలు విని రాసిపెట్టే యాప్) ఏదైనా ఉంటే తీసేయండి, పిలవకుండానే మీటింగ్‌లోకి దూరుతుంది. స్క్రీన్ మీద 'నాన్న లాప్‌టాప్' అని కాకుండా అబ్బాయి పేరు కనబడేలా జూమ్‌లో 'రీనేమ్' చేయండి.

ప్రశ్న: సరిగ్గా 40 నిమిషాలకు జూమ్ కట్ అయింది. నన్ను తీసేశారా? – నెల్లూరు

లేదు. ఉచిత జూమ్ అకౌంట్‌తో పెట్టిన మీటింగ్‌కు పరిమితి 40 నిమిషాలు. అదే లింకు మళ్లీ నొక్కండి. తెరుచుకోకపోతే వెంటనే మెయిల్ పెట్టి కొత్త లింకు అడగండి.